ఫ్యాట్, ఫెయిర్, బ్లాక్: చిన్న పిల్లలకు ఇవేనా మొదటి ఇంగ్లీషు మాటలు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన మంగళవారం మీ చదువుల పేజీలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల కోసం ఒక ఇంగ్లీషు అభ్యాసం వేశారు. మనుషుల మధ్య తేడాలు ఎలా చెప్పాలో నేర్పేది. రెండు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ పక్కన తెల్లగా, సన్నగా, రెండు జడలు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి. కుడి పక్కన నల్లగా, కొంచెం బొద్దుగా, మూతి ముడుచుకుని కూర్చున్న అమ్మాయి. మొదటి బొమ్మ కింద ‘షి ఈజ్ ఫెయిర్ అండ్ బ్యూటిఫుల్’ అని మీరే రాసిచ్చారు, రెండో దాని కింద గీతలు గీసి పిల్లలను నింపమన్నారు. ఏం నింపుతారండీ? మా ఐదో తరగతి పిల్ల ఒకతి ఆ కాగితం కత్తిరించి బడికి తెచ్చింది. గీతల మీద ‘షి ఈజ్ బ్లాక్ అండ్ నాట్ బ్యూటిఫుల్’ అని పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాల్లో రాసుకుని మరీ తెచ్చి, రైటేనా టీచర్ అని అడిగింది. గ్రామర్ ప్రకారం రైటే. అడిగిన పిల్ల కూడా నలుపే. టిక్కు పెట్టాలా, ఇంటూ పెట్టాలా తెలియక పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.

అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ పూర్తిగా చదివి కత్తిరించండి.

నేను మర్రిగూడ మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతుల టీచరుని. మీ చదువుల పేజీ మా దగ్గర ఎంత పని చేస్తుందో మీకు తెలుసో లేదో. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చువేసి ఇచ్చారు, బాగానే ఉంది, కానీ సాయంత్రం ఇంటికి పోయాక ఆ ఇంగ్లీషు పక్క చదివి చెప్పేవాళ్లు ఎవరున్నారు? హోటల్‌కు వచ్చిన పేపర్‌లోంచి మీ పేజీ అడిగి తెచ్చుకుని పిల్లల ముందు పెట్టే తండ్రులు నాకు తెలుసు. పేపర్లో వచ్చిందంటే అది రైటే అనుకుంటారు. కాబట్టి మీరు ‘ఫెయిర్ అండ్ బ్యూటిఫుల్’ అని వేస్తే ఇంగ్లీషులో ఆ రెండూ జంట మాటలేమో, ఉప్పూ కారం లాగా, అని పిల్లలు నేర్చేసుకుంటారు.

మీ మీద రాళ్లు వేసే ముందు నా సంగతి కూడా చెప్పాలి. డీఎస్సీ రాసి సర్కారు ఉద్యోగం రాకముందు పాలమూరులో మూడేళ్లు ఒక ప్రైవేటు బడిలో చేశాను. కొత్త ఉత్సాహం. మూడో తరగతిలో ఈ పాఠమే వస్తే ఇద్దరు పిల్లలను బోర్డు ముందు నిలబెట్టి ‘హూ ఈజ్ ఫ్యాట్? హూ ఈజ్ థిన్?’ అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో ఇద్దరిలో లావుగా ఉన్నవాడి పేరు అరిచింది. నాకైతే సంబరమే, నలభై మంది ఒకేసారి ఇంగ్లీషులో జవాబు చెప్తుంటే ఏ టీచరుకు సంబరం కాదు? బాగా వస్తోందని ఇంకో రెండుసార్లు చెప్పించాను కూడా. వాడు నవ్వుతూనే నిలబడ్డాడు, చొక్కా అంచు రెండు చేతులతో కిందికి లాక్కుంటూ. ఆ లాక్కోవడం ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది, అప్పుడు మాత్రం కనబడలేదు.

నాలుగో రోజు వాళ్ల అమ్మ వచ్చింది. “మేడం, ఫ్యాటు అంటే ఏంది? మావోణ్ని అందరు ఫ్యాటు, ఫ్యాటు అంటున్నరట. రెండు దినాల సంది సక్కగ తింటలేడు” అని అడిగింది. నేను తల వంచుకుని, దొడ్డుగా ఉన్నాడని అమ్మా, అన్నాను. “గంతేనా? నేనేందో బూతు మాట అనుకున్న. మా ఇంట్ల గూడ దొడ్డోడా అనే పిలుస్తం” అని తేలిగ్గా నవ్వి వెళ్లిపోయింది. నాకు మాత్రం తేలిక కాలేదు. ఇంట్లో దొడ్డోడా అంటే పలికే పిల్లాడు బళ్లో ఫ్యాటు అంటే ఎందుకు ఏడుస్తున్నాడు?

చాలా రోజులు ఆలోచిస్తే నాకు తోచింది ఇది. మన ఊళ్లలో మనిషి ఒంటిని బట్టి పిలవడం కొత్తేం కాదు. ఒకే పేరున్నవాళ్లు ఊళ్లో నలుగురుంటే ఒకాయన బక్క మల్లయ్య, ఒకాయన పొట్టి మల్లయ్య. అందులో ఎకసెక్కం లేదని అనను, ఉంటుంది. కానీ ఆ మాట వెనకాల ఒక మామో, బావో, తాతో అతుక్కుని వస్తాడు, బక్క మామ అన్నప్పుడు మామ అన్నది కూడా అన్నట్టే. పైగా అన్నవాణ్ని తిరిగి అనడానికి ఆయన దగ్గరా ఒక మాట ఉంటుంది. నేను బోర్డు ముందు నిలబెట్టిన పిల్లాడికి ఆ వరస లేదు, తిరిగి అనడానికి మాటా రాదు, అనిపించింది టీచరు. అదీ తేడా.

ఇక రంగు దగ్గరికి వస్తాను. మా బళ్లోనే ఒక పిల్లాడు ‘మై మదర్ ఈజ్ రెడ్’ అని రాశాడు. స్టాఫ్ రూంలో అందరం నవ్వుకున్నాం, తర్వాత సిగ్గేసింది, ఎందుకంటే వాడు ఏ తప్పూ చేయలేదు. మన దగ్గర తెల్లగా ఉన్నవాళ్లను ఎర్రగున్నరు అనే అంటాం, ఎర్రగా బుర్రగా అంటాం, ఎరుపును పుస్తకంలో చూస్తే రెడ్ అని ఉంది, వాడు రెండూ కలిపాడు. దిద్దమంటే ఏమని దిద్దాలి? ‘ఫెయిర్’ అనాలి. ఆ మాటకు న్యాయమైన అనీ అర్థం ఉంది, ఆటలో మోసం జరిగితే ‘నాట్ ఫెయిర్’ అని మా పిల్లలే అరుస్తారు. ఒంటి రంగుకు అదే మాట వాడితే చిన్న బుర్రలో ఈ రెండు అర్థాలు ఎట్లా కలుస్తాయో ఊహించుకోండి. ఫెయిర్ అనే మాటనే పేరులో పెట్టుకుని ఏళ్ల తరబడి అమ్మిన క్రీము కంపెనీ కూడా 2020లో ఆ మాట తీసేసి గ్లో అని పెట్టుకుంది. అదే ఏడు పశ్చిమ బెంగాల్‌లోని బర్ధమాన్‌లో ఒక బడి పుస్తకంలో ‘యు ఫర్ అగ్లీ’ అని రాసి పక్కన నల్లటి పిల్లాడి బొమ్మ వేస్తే గొడవై ఇద్దరు టీచర్లను సస్పెండ్ చేశారు. మీ బొమ్మకూ దానికీ పెద్ద దూరం లేదు, మీరు అగ్లీ అని రాయలేదు, పిల్లల చేత రాయించారు, అంతే.

అసలు నేర్పేవాళ్లుగా మనం చూసుకోవాల్సిన కష్టం వేరే ఉంది. ఫ్యాట్, థిన్ అనే మాటలు పిల్లలకు ఒక్క పూటలో వస్తాయి, వాక్యం రాదు. తెలుగులో ‘ఆమె పొడుగు’ అంటే వాక్యం అయిపోయింది, ఇంగ్లీషులో నడుమ ‘ఈజ్’ లేకపోతే కాలేదు, అందుకే ‘షి టాల్’ అంటారు. ‘ఆమెకు పొడుగు జుట్టు ఉంది’లో ఉన్న ‘ఉంది’ అక్కడ ‘హ్యాజ్’ కావాలి, మనవాళ్లు ‘షి ఈజ్ లాంగ్ హెయిర్’ అని రాసేస్తారు. మనకు పోలికంతా ‘కంటే’ మోస్తుంది, పొడుగు అనే మాటకు ఏమీ కాదు. అక్కడేమో ‘టాల్’ తోక తగిలించుకుని ‘టాలర్’ అవుతుంది, ‘బ్యూటిఫుల్’కు తోక పెట్టకూడదు, ముందు ‘మోర్’ పెట్టాలి, ‘గుడ్’ ఏకంగా వేషమే మార్చేసి ‘బెటర్’ అయి కూర్చుంటుంది. చుట్టరికాలు చెప్పనే అక్కర్లేదు. పెద్దనాయిన గురించి రాయమంటే ‘బిగ్ ఫాదర్’ అని రాసిన పిల్లలకు లెక్కలేదు. అక్క, చెల్లె ఇద్దరూ అక్కడ సిస్టరే, ముందు ‘ఎల్డర్’ పెడితే తప్ప ఎవరు పెద్దో తెలియదంటే పిల్లలకు ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఇంగ్లీషోళ్లకు అక్క లేదా టీచర్ అని జాలిపడిన పిల్ల ఉంది మా దగ్గర.

ఇదంతా సాధన చేయడానికి తోటి పిల్లాడి పొట్ట అవసరం లేదు. నేను వస్తువులతో మొదలుపెడతాను. బత్తాయి, నిమ్మకాయ పక్కపక్కన పెట్టి బిగ్గర్, స్వీటర్ చెప్పిస్తే రుచి కూడా చూడొచ్చు. పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లంటారు, తాత కంటే మర్రి ముసలిది అని చెప్పించండి, నవ్వుతూ నేర్చుకుంటారు. అన్నిటికంటే బాగా పండింది ఆనకట్టల పాఠం. సాగర్ మా పిల్లలందరికీ సొంతం లెక్క, గేట్లు ఎత్తితే చూడ్డానికి పోతారు. సాగర్ ఎత్తు 124 మీటర్లు, శ్రీశైలం 145 అని బోర్డు మీద వేసి ‘శ్రీశైలం ఈజ్ టాలర్ దేన్ సాగర్’ అని చెప్పించబోతే క్లాసు ఒప్పుకోలేదు, మన సాగరే పెద్దది అని గొడవ. సరే, గేట్లు లెక్కపెట్టండి అన్నాను. సాగర్‌కు 26, శ్రీశైలానికి 12. ‘సాగర్ హ్యాజ్ మోర్ గేట్స్ దేన్ శ్రీశైలం’ అని నేను రాయకముందే వాళ్లే చెప్పారు, ఈజ్ ఎక్కడ రావాలో, హ్యాజ్ ఎక్కడ రావాలో ఆ ఒక్క గొడవలో తేలిపోయింది. గేట్లల్ల మనమే గెలిచినం అని వెనక బెంచీ పిల్లాడు చప్పట్లు కొట్టాడు.

మా తోటి టీచరొకాయన, మంచాయనే, నాతో వాదిస్తాడు. పరీక్షలో ఫ్యాట్‌కు వ్యతిరేక పదం అడిగితే మీ పిల్లలు ఏం రాస్తారు మేడం, మాటే నేర్పకపోతే ఎట్లా అని. నేర్పొద్దని నేను అనలేదు. మన దొడ్డు, సన్నం మాటలు తీసుకోండి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి దొడ్డుబియ్యానికీ సన్నబియ్యానికీ తేడా ఇంట్లో అన్నం తినే ప్రతి పిల్లకూ తెలుసు. మనకు బియ్యమూ దొడ్డే, పుస్తకమూ దొడ్డే, మనిషీ దొడ్డే. ఇంగ్లీషులో పుస్తకం థిక్, బియ్యం కోర్స్, పిల్లి ఫ్యాట్. ఒక మాట మూడుగా చీలుతోందని పిల్లలకు చూపిస్తే ఫ్యాట్ అనేది ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడితే ఎదుటివాడికి గుచ్చుకుంటుందో కూడా అందులోనే చెప్పొచ్చు. ఇంకొకామె ఇంకో ఉపాయం చెప్పింది, ఫ్యాట్ బదులు హెల్దీ అనిపించండి అని. అది ఇంకా అన్యాయం. లావుగా ఉన్న పిల్లను చూసి హెల్దీ అని కన్ను గీటితే పిల్లలకు తెలియదనుకుంటున్నారా? నెల తిరక్కుండా హెల్దీ కూడా తిట్టయిపోతుంది.

అలాగని పిల్లలు తేడాలు చూడనట్టు, మనం చూపించనట్టు నటించమని కూడా కాదు. మా ఊరి సంగతి చెప్తే మీకు అర్థమవుతుంది. పాత ఇంగ్లీషు గైడ్లలో ‘షి హ్యాజ్ వైట్ టీత్’ అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. మర్రిగూడలో ఆ వాక్యం ఎవరి గురించి చెప్పించాలి? నేను పుట్టి పెరిగింది మునుగోడు దగ్గర, చిన్నప్పుడు తాగింది బోరు నీళ్లు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మావి ఎప్పుడో దాటిన నీళ్లు. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే వచ్చే పళ్లే మచ్చలతో వస్తాయి, ఎంత తోమినా పోవు. నా ముందు పళ్లు రెండూ గోధుమ రంగు. పెళ్లి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నోరు తెరిచి నవ్వలేదు.

మూడేళ్ల కింద ఒకరోజు, క్లాసులో ఎవరినైనా చూసి ఒక వాక్యం చెప్పండి అన్నాను. నాలుగో తరగతి పిల్ల లేచి నిలబడి, ఏ దాపరికం లేకుండా, ‘టీచర్ హ్యాజ్ బ్రౌన్ టీత్’ అంది. క్లాసు గుడ్లప్పగించి నా వైపు చూసింది. పక్క పిల్ల దాని గౌను పట్టి గుంజింది. నేను బోర్డు మీద ఆ వాక్యం రాశాను, ఈజ్ కాదు, హ్యాజ్ పెట్టింది, ముందుగా అది మెచ్చుకున్నాను. దాని కింద ‘ఐ డ్రాంక్ బోర్ వాటర్’ అని రాశాను. రెండు నిమిషాల తర్వాత ఒకడు లేచాడు. ‘మై మదర్ హ్యాజ్ బ్రౌన్ టీత్. ఐ హ్యావ్ వైట్ టీత్.’ ఎందుకురా అన్నాను. “నల్లా నీళ్లు టీచర్, కృష్ణ నీళ్లు.” ఇంకొకడు, వాళ్ల తాతకు నడుం నిలబడదు, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి, ‘మై గ్రాండ్‌ఫాదర్ కెనాట్ టర్న్ హిజ్ నెక్’ అన్నాడు. కెనాట్ నేను అప్పటికి సరిగ్గా నేర్పలేదు, ఎక్కడ పట్టాడో. వాడికి గూని అనే మాటకు ఇంగ్లీషు అవసరం రాలేదు చూడండి. తాతను ఊళ్లో ఏమని పిలుస్తారో వాడికి తెలుసు, ఆ మాట జోలికి పోకుండా తాతకు ఏం చేతకాదో చెప్పాడు.

మా మండలంలోని శివన్నగూడెం అంశాల స్వామి గారిని మీ పేపర్ పాఠకులకు పరిచయం చేయక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో దేశానికి తెలిసింది, ఆ నీళ్ల వల్ల ఎదుగుదల ఆగిపోయిన ఆయన ఫోటోతో. 2023 జనవరిలో పోయారు. మీ అభ్యాసం పద్ధతిలో అయితే ఆయన ఫోటో కింద మా పిల్లలు ‘హీ ఈజ్ షార్ట్’ అని రాసి పేజీ తిప్పేయాలి. మా పిల్లలకు ఆయన అట్లా తెలియదు. ‘హీ ఆస్క్‌డ్ ఫర్ గుడ్ వాటర్’ అని రాయడం వాళ్లకు వచ్చు.

తండా బడిలో కూడా ఇట్లాంటిదే ఒకటి జరిగింది, డిప్యుటేషన్ మీద కొన్ని నెలలు దేవరకొండ దిక్కు చేశాను. నానమ్మ గురించి రాయమంటే ఒక లంబాడీ పిల్ల ‘మై గ్రాండ్‌మదర్ వేర్స్ ఎ వైట్ శారీ’ అని రాసింది. ఆ నానమ్మ రోజూ బడి ముందు నుంచే పోతుంది, అద్దాలు కుట్టిన బట్టల్లో. గైడ్‌లో నానమ్మలందరికీ తెల్లచీర, కళ్లద్దాలు ఉంటాయి కాబట్టి అదే రాయాలనుకుంది. నిజంగా ఏం వేసుకుంటుంది అని అడిగితే కాసేపు చీపురుపుల్ల నములుతూ నిలబడి, ‘షి వేర్స్ మిర్రర్స్’ అంది. ఇంతకంటే మంచి వాక్యం నా ఉద్యోగంలో వినలేదు.

ఇప్పుడు మీతో పని. వచ్చే వారం కూడా ఈ పాఠం కొనసాగుతుందని కింద వేశారు కదా. అందులో ఫెయిర్, డార్క్ తీసేయండి, పదేళ్ల పిల్లలకు మనిషిని గుర్తుపట్టడానికి ఆ రెండు మాటలు లేకుండానే బోలెడు సరంజామా ఉంది. జుట్టు, కళ్లద్దాలు, చెప్పులు, మోకాలి మీద దెబ్బ మచ్చ, ఎవరు చింతచెట్టు ఎక్కుతారు, ఎవరికి ఎడమ చేతివాటం. ఎవరి గురించి వాళ్లే ముందు రాసుకునేట్టు పెట్టండి, పక్కవాళ్ల గురించి రాసేది తర్వాత. బ్యూటిఫుల్ అని మీరే నింపి ఇవ్వకండి. బొమ్మలు గీసే ఆర్టిస్టుకు కూడా ఒక మాట చెప్పండి, నల్లటి అమ్మాయి కూడా నవ్వుతుంది, మా బడికి వస్తే చూపిస్తాను.

ఆ పెన్సిల్ కాగితం సంగతి మధ్యలోనే వదిలేశాను. టిక్కూ పెట్టలేదు, ఇంటూ పెట్టలేదు. ఆ పిల్లనే అడిగాను, ఈ అమ్మాయి మూతి ఎందుకు ముడుచుకుంది అని. బాగా చూసి, “ఫోటో దిగేటప్పుడు ఎవరో ఏదో అన్నరు టీచర్” అంది. రబ్బరు పెట్టి రెండో సగం తుడిపి ‘షి ఈజ్ యాంగ్రీ’ అని రాసుకుంది. ఆ కాగితమూ, మా పిల్లలు వాళ్ల గురించి వాళ్లు రాసుకున్న వాక్యాలు ఇంకొన్నీ ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. తప్పులు దిద్దలేదు. వేసుకుంటే పిల్లల పేర్లు లేకుండా వేసుకోండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల టీచరు,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా